వంటింటి ప్రయోగశాల

పొద్దుపుచ్చడానికి చేపట్టిన వ్యాపకం ఒక్కొక్కప్పుడు లోకానికి మేలు చేకూరుస్తుంది. అమెరికాలోని రోచెస్టర్ నగరవాసి జార్జ్ ఈస్ట్‌మన్ (1854-1932) జీవితమే ఇందుకు నిదర్శనం.

బ్యాంకు గుమాస్తా అయిన ఈస్ట్‌మన్ 1877లో ఫొటోగ్రఫీపై ఆసక్తితో పరికరాలు కొన్నాడు. ఆనాడు గాజుపలకపై రసాయనం పూసి, అది తడిగా ఉండగానే చిత్రం తీసి, వెంటనే కడగవలసి వచ్చేది. అందువల్ల ఛాయాగ్రాహకుడు కెమెరాతోపాటు గుడారాన్నీ, రసాయనాలనూ మోసుకుపోక తప్పేది కాదు. ఈ భారం తగ్గించాలన్న పట్టుదలతో ఈస్ట్‌మన్ పగలు ఉద్యోగం చేస్తూ, రాత్రివేళ తల్లి వంటగదిలో ప్రయోగాలు సాగించాడు. ముందే పూత పూసి ఆరబెట్టిన పలకలను యంత్రంతో తయారుచేసే పద్ధతిని రూపొందించి, 1880లో వాటి ఉత్పత్తిని ప్రారంభించాడు. 1888లో నూరు చిత్రాలకు సరిపడే ఫిల్ముచుట్టతో కొడక్ కెమెరా వెలువడింది. మీట నొక్కడమే కొన్నవారి పని. చిత్రాలను సంస్థవారే కడిగి ఇచ్చేవారు.

అయితే సౌకర్యం పెరిగినకొద్దీ పనిలోని మర్మం మరుగునపడుతుంది. కెమెరాను స్వయంగా సవరించుకొని చిత్రాలు తీసే నేటి ఔత్సాహికుడు ఆ మర్మాన్నే అన్వేషిస్తాడు. వెలుతురు ప్రవేశించే రంధ్రపు వైశాల్యాన్ని సగానికి తగ్గిస్తే, షట్టరును రెట్టింపు కాలం తెరచి ఉంచాలని అతడు అనుభవంతో గ్రహిస్తాడు. నల్లబడిన చిత్రమే అతనికి తొలి గురువు.