రైతు ఉత్పత్తిదారుల కంపెనీలలో నిర్వహణ మూలధనపు లెక్క

లాభనష్టాల పట్టికలో లాభం కనబడుతున్న కంపెనీకి సైతం రైతుకు చెల్లించేందుకు నగదు కరవు కావచ్చు. ఇందుకు కారణం నిర్వహణ మూలధన చక్రంలో ఉన్నది.

ఒక కంపెనీ సీజనులో రోజుకు 2 లక్షల రూపాయల కందులు కొంటున్నదనుకుందాం. సరుకు గోదాములో 10 రోజులు నిల్వ ఉంటుంది. పప్పు మిల్లు 45 రోజులకు సొమ్ము ఇస్తుంది. రైతుకు 5 రోజులలో చెల్లించాలి. అనగా 50 రోజుల కొనుగోలు సొమ్ము, 1 కోటి రూపాయలు, సరుకులోను వసూలు కావలసిన బాకీలలోను నిలిచిపోతుంది.

500 మంది సభ్యులు తలా 2,000 రూపాయల వాటాధనం చెల్లించి, 2020 నాటి కేంద్ర పథకం కింద అంతే మొత్తం గ్రాంటు పొందినా సమకూరేది 20 లక్షలే. సభ్యత్వం ఉత్పత్తిదారులకూ వారి సంస్థలకూ పరిమితం గనుక బయటి మదుపరుల వాటాధనానికి తావులేదు. మిగిలిన 80 లక్షలకు 12 శాతం వడ్డీ నెలకు 80 వేలు. నెలకు 60 లక్షల కొనుగోలుపై మార్జిన్ 2 శాతమైతే, వచ్చే 1.20 లక్షలలో మూడింట రెండు వంతులు వడ్డీకే సరి.

చక్రాన్ని కుదించడానికి పలువురికి ముందుగా తోచేది రైతు చెల్లింపును వాయిదా వేయడం. లెక్క కుదురుతుంది గాని, మరుసటి సీజనుకు సభ్యుడు కందులను కమీషన్ వ్యాపారికే తోలుతాడు. కాబట్టి బేరం మిల్లుతోనే చేయాలి. 15 రోజులలో చెల్లిస్తే ధరలో అర శాతం తగ్గిస్తామన్నా నెలకు పోయేది సుమారు 30 వేలు. అప్పు 20 లక్షలకు దిగి వడ్డీలో మిగిలేది 60 వేలు.