బొంబడిల్ దగ్గర ఆగిపోయిన అమ్మాయికి

చిన్నీ,

టోల్కీన్ పుస్తకం నూట యాభై పేజీలకే మూసేశావనీ, ఆ సంగతి హాస్టల్లో ఎవరికీ చెప్పలేదనీ రాశావు. దానికి సిగ్గెందుకు? మీ పెద్దనాన్న అదే పుస్తకాన్ని మూడుసార్లు మొదలుపెట్టి రెండుసార్లు వదిలేశాడు. రెండుసార్లూ అడవిలో పాటలు పాడుకుంటూ తిరిగే ఆ టామ్ బొంబడిల్ దగ్గరే. 2001లో సినిమా తీసిన పీటర్ జాక్సన్ ఆ పాత్రను మొత్తంగా ఎత్తేస్తే కథకేమీ చిల్లు పడలేదు. నువ్వూ అక్కడ పేజీలు తిప్పేసి బ్రీ ఊళ్లో సత్రం దగ్గర దిగు. మధ్యలో సమాధుల గుట్టల్లో దొరికే కత్తుల్ని మాత్రం గుర్తుపెట్టుకో, మూడో సంపుటంలో వాటితో పని ఉంది.

టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లిషు చెప్పిన ప్రొఫెసర్. ముందు భాషలు కల్పించుకుని, అవి మాట్లాడేవాళ్ల కోసం ఒక లోకం కట్టాడు. అందుకే దారిలో ప్రతి గుట్టకూ రెండు మూడు పేర్లు. పేర్లంటే ప్రాణం పెట్టేవాళ్లకు విందు, మిగతావాళ్లకు అజీర్తి.

మీ సీనియర్లు నెత్తిన పెట్టుకున్న 'ఫౌండేషన్' సంగతి వేరు. గిబ్బన్ రాసిన రోమ్ పతనం చరిత్రను అసిమోవ్ నక్షత్రాల మధ్యకు తీసుకెళ్లాడు. 1942లో పత్రికలో ఆ కథలు మొదలయ్యేసరికి ఆయనకు ఇరవై రెండేళ్లు. ఊహ గొప్పదే, మనుషులే అట్టబొమ్మలు. గదుల్లో కూర్చుని వాదించుకుంటుంటారు, యుద్ధాలు తెర వెనకే అయిపోతాయి. మొదటి పుస్తకమంతా వెతికితే చెప్పుకోదగ్గ ఆడమనిషి ఒక పాలకుడి సణుగుడు భార్య ఒక్కతే.

'డ్యూన్' జోలికొస్తే పెద్దనాన్నకు నోరు ఆగదు. ఎడారి జనం నాయకుడొకడు దొరల సభకు వచ్చి బల్ల మీద ఉమ్మేస్తాడు. అందరూ భగ్గుమంటారు. ఒంట్లోని తడిని కానుకగా ఇచ్చాడయ్యా అని తెలిసినవాడొకడు సర్దిచెబుతాడు. నీటి విలువ మీద పది పేజీల ఉపన్యాసం రాయకుండా ఫ్రాంక్ హెర్బర్ట్ ఒక్క ఉమ్ముతో పని కానిచ్చాడు. అనంతపురంలో ట్యాంకరు కోసం బిందె వరసలో నిలబడ్డవాళ్లకు ఆ సన్నివేశం ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. ఆరెగాన్ తీరంలో ఇసుక మేటల్ని గడ్డి నాటి ఆపుతుంటే 1957లో వ్యాసం రాద్దామని వెళ్లాడాయన. వ్యాసం అచ్చు కాలేదు, నవల పుట్టింది. దాన్నీ ఇరవైమందికి పైగా ప్రచురణకర్తలు తిప్పికొట్టారు. చివరికి 1965లో అచ్చేసిన చిల్టన్ కంపెనీకి పేరొచ్చింది కార్ల రిపేరు పుస్తకాలతో! ఆ వరసలో రెండోది కూడా చదువు, మొదటి పుస్తకం ఎక్కించిన వీరుణ్ణి గద్దె మీంచి దించేది అదే. అక్కడితో ఆగినా నష్టం లేదు.

జార్జ్ మార్టిన్ సింహాసనాల కథ ఇప్పుడే మొదలుపెట్టకు. మొదటి సంపుటం 1996లో, ఐదోది 2011లో వచ్చాయి, ఆరోది ఇంకా రాలేదు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్ కోసం నెల రోజులు ఆగడానికే మీ పెద్దనాన్న గిలగిల్లాడేవాడు.

నీకు ముందు కావలసింది అర్సులా లెగ్విన్. 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' 1968లో వచ్చింది, రెండువందల పేజీలకు అటూ ఇటూ. మేకలు కాసుకునే గెడ్ అనే కుర్రాడు మంత్రాల బడికి వెళ్లి, పొగరుకొద్దీ ఒక నీడను లోకంలోకి వదిలేస్తాడు. ఇక్కడ మంత్రం ఉచితంగా రాదు: వస్తువు అసలు పేరు తెలియాలి, ఒక దీవిలో వాన కురిపిస్తే ఇంకో దీవి ఎండిపోవచ్చు. ఆ గెడ్ రాగి రంగు పిల్లాడు. 2004లో టీవీ వాళ్లు అతణ్ణి తెల్లవాణ్ణి చేసేస్తే లెగ్విన్ ఊరుకోలేదు, తప్పుపడుతూ వ్యాసమే రాసింది.

ఆ పుస్తకం ఈ ఉత్తరంతో పాటే పార్సిల్లో వస్తుంది. నలభయ్యో పేజీ మీద టీ మరక మీ పెద్దమ్మ చలవ. అడిగితే ఒప్పుకోదు.

మీ పెద్దనాన్న