దరఖాస్తు ఫారమును మెట్లుగా అమర్చుకొను పద్ధతి



2023 డిసెంబరు 28వ తేదీ మొదలు 2024 జనవరి 6వ తేదీ వరకు తెలంగాణ రాష్ట్రమంతట ప్రజాపాలన దరఖాస్తులు స్వీకరించిన సంగతి మీకు జ్ఞాపకముండును. పల్లెలలో గ్రామసభల వద్దను, పట్టణములలో వార్డుల వద్దను ఒకే తీరు ఫారము పంచిరి. వచ్చిన దరఖాస్తులు 1 కోటి 25 లక్షలకు పైబడినవి. మీ ఊరిలో మీరు నింపిన కాగితమునే హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారు చుట్టుపట్ల వార్డులలో నివసించువారును నింపిరి. మహాలక్ష్మి, రైతు భరోసా, గృహజ్యోతి, ఇందిరమ్మ ఇండ్లు, చేయూత అను భాగములన్నియు ఆ ఒక్క ఫారములోనే ఉండెను.

శాలిబండలో అద్దె ఇంట కాపురముండు ఒక కుటుంబమును ఊహించుకొనుడు. రైతు భరోసా భాగమునకు వచ్చుసరికి పాసు పుస్తకము సంఖ్య అడిగినారు, సర్వే సంఖ్య అడిగినారు, విస్తీర్ణము అడిగినారు. గుంట భూమి లేనివారు అచ్చట ఏమి వ్రాయవలెను? ఖాళీగా విడువవలెనా, గీత కొట్టవలెనా? పల్లె రైతుకు అచ్చట చిక్కు లేదు గాని, కరెంటు మీటరు గడి వద్ద ఆయనయు ఆగును. బిల్లుపై సర్వీసు సంఖ్య ఒకటి, యూనిక్ సర్వీసు సంఖ్య మరియొకటి ఉండును గదా! కాగితముపై ఈ చిక్కు తప్పదు. అందరికిని అన్ని ప్రశ్నలును చూపవలసినదే.

ఆ కాగితములను తరువాత కంప్యూటరులోనికి ఎక్కించిరి. 2024 మార్చి నెలలో గృహజ్యోతి క్రింద సున్న బిల్లులు ఇచ్చుట మొదలైనప్పుడు, అర్హత ఉండియు సంఖ్య తప్పుగా ఎక్కిన వారికి మామూలు బిల్లే వచ్చినది. వారు మండల కార్యాలయమునకో, పురపాలక కార్యాలయమునకో పోయి సవరణ చేయించుకొనవలసి వచ్చినది. ఒక్క అంకె తేడాకు కూలి పని మానుకొని తిరుగవలసి వచ్చుట చిన్న విషయము కాదు.

ఇపుడు విత్తనముల కోరిక పట్టిక గాని, పంట నష్టపు వివరములు గాని సేకరించుటకు వ్యవసాయ విస్తరణాధికారియో, పంచాయతీ కార్యదర్శియో తానే ఫోనులో ఒక ఆన్‌లైను ఫారము తయారు చేసికొనుచున్నాడు. గూగుల్ ఫారమ్స్ వంటివి రుసుము లేకయే దొరకుచున్నవి. సాధనము సులభమైనదే. దానిలోని అమరికలు తెలిసి చేయుటలోనే పని ఉన్నది.

ముందు కాగితముపై గీయుడు

ఫోను తెరువకమునుపు ఒక తెల్ల కాగితము తీసికొని ప్రశ్నల దారి గీయవలెను. పొలమునకు నీరు పెట్టునపుడు ఏ మదుము తెరచిన నీరు ఏ మడికి పోవునో ముందుగా తెలిసియే గదా గండి కొట్టుదుము. ఫారములోని మెట్లును అట్టివే. “మీ కుటుంబమున ఎవరైనను సేద్యము చేయుచున్నారా?” అని మొదట అడిగి నాలుగు జవాబులు ఉంచుడు: సొంత భూమి, కౌలు, వ్యవసాయ కూలి, ఎవరును లేరు. సొంత భూమి అన్నవారికి పాసు పుస్తకపు మెట్టు, కౌలు అన్నవారికి కౌలు మెట్టు, కూలి అన్నవారికి ఉపాధి హామీ కార్డు మెట్టు రావలెను. ఎవరును లేరు అన్న శాలిబండ కుటుంబము ఈ మూడింటిని చూడకయే కరెంటు మీటరు మెట్టునకు పోవలెను.

గూగుల్ ఫారమ్స్‌లో ఒక్కొక్క మెట్టును సెక్షన్ అందురు. జవాబును బట్టి సెక్షన్ మారు సౌకర్యము ఒక్క జవాబునే ఎన్నుకొను ప్రశ్నలకు, అనగా మల్టిపుల్ ఛాయిస్, డ్రాప్‌డౌన్ అను రెండు రకములకే గలదు. ఎన్నియైనను టిక్కు పెట్టదగిన చెక్‌బాక్సులకు లేదు. కావున సొంత భూమియు కౌలును రెండును ఉన్న రైతుకు “సొంత భూమి, కౌలు రెండును” అని ఐదవ జవాబు వేరుగా పెట్టవలసి యుండును. దీనిని మరచిన ఫారములే ఎక్కువ.

మరియొక మెలిక ఉన్నది. ప్రతి సెక్షన్ చివర, ఇచ్చటి నుండి ఎటు పోవలెనో తెలుపు అమరిక ఒకటి ఉండును. దానిని ముట్టకున్న, వరుసలో తరువాత నున్న సెక్షన్‌కే పోవును. సొంత భూమి మెట్టు నింపిన రైతు కౌలు మెట్టులో పడును. అది నింపి కూలి మెట్టులో పడును. మొదటి మదుము సరిగా పెట్టి, మడి చివర కట్ట వేయకుండుట వంటిదిది. మూడు మెట్ల చివరలందును “కరెంటు మీటరు సెక్షన్‌కు పొమ్ము” అని విడివిడిగా అమర్చవలెను.

తప్పనిసరి గడి ఎవరిని ఆపుచున్నది?

ఒక గడిని తప్పనిసరి చేసినచో, అది నింపనిదే “తదుపరి” బొత్తాము ముందుకు పోనీయదు. ఈ అమరికను ఉద్యోగులు ఇష్టపడుదురు, ఖాళీలు రావు గనుక. కాని పాసు పుస్తకము సంఖ్యను అందరికిని తప్పనిసరి చేసినచో కౌలు రైతు అచ్చటనే నిలిచిపోవును. పంట వేసినది ఆతడు, నష్టపోయినది ఆతడు, పుస్తకము మాత్రము ఆతని పేర లేదు. అప్పుడాతడు యజమాని సంఖ్య వేసి ముందుకు పోవును, లేదా ఫోను ప్రక్కన పెట్టి ఊరకుండును. మొదటిదైన సహాయము ఇతరుల ఖాతాకు పోవచ్చును. రెండవదైన ఆతడు మీ లెక్కలోనికే రాడు. ఖాళీ గడి ఉన్న దరఖాస్తును తరువాత పూరింపవచ్చును గాని, రాని దరఖాస్తును ఏమి చేయగలము? కావున పేరు, ఊరు, ఫోను సంఖ్య తప్ప తక్కిన వానిలో ఏది తప్పనిసరియో ఒక్కొక్కటిగా ఆలోచించి నిర్ణయింపవలెను.

పంట నష్టపు ఫారములో ఇంకొక పొరపాటు జరుగును. విపత్తు నిబంధనల ప్రకారము 33 శాతము గాని అంతకు మించి గాని నష్టమైన పంటకే పెట్టుబడి సహాయము. అంతమాత్రమున “నష్టము 33 కంటె తక్కువ వ్రాసినవారికి ఫారము ముగించుము” అని అమర్చరాదు. రైతు వ్రాసినది ఆయన అంచనా మాత్రమే. నిర్ణయించునది పొలము చూచిన అధికారి.

అంకెలు, గుంటలు, గీతలు

గడి రకమును ఎన్నుకొనుటలో మన ప్రాంతపు లెక్క తెలిసియుండవలెను. తెలంగాణ భూమి దస్తావేజులలో 2.20 అనిన రెండెకరముల ఇరువది గుంటలు. ఎకరమునకు 40 గుంటలు గనుక అది రెండున్నర ఎకరములు. కంప్యూటరు దానిని రెండు ఎకరముల ఐదవ వంతుగా కూడును. వంద మంది రైతుల విస్తీర్ణము ఇట్లు కూడినచో ఎరువుల కోరిక ఎంత తప్పిపోవునో చూచుకొనుడు. ఎకరములకు ఒక గడి, గుంటలకు ఒక గడి ఉంచి, గుంటల గడిలో 0 మొదలు 39 వరకే పట్టునట్లు హద్దు పెట్టుడు. ఈ హద్దును గూగుల్ ఫారమ్స్‌లో రెస్పాన్స్ వాలిడేషన్ అను అమరికలో పెట్టవచ్చును.

సర్వే సంఖ్య గడిని అంకెల గడిగా చేయరాదు, అక్షరముల గడిగానే ఉంచవలెను. 45/అ, 45/ఆ అనునవి అంకెల గడిలో పట్టవు. 12/3 అను సర్వే సంఖ్యను ఎక్సెల్ పట్టికలో తెరచిన అది మార్చి 12గానో డిసెంబరు 3గానో మారిపోవును. పాతబస్తీ ఇంటి సంఖ్యలకును ఇదే గతి. గీతలతో మూడు భాగములుగా వ్రాయు ఇంటి నంబరును ఒక్కొక్కసారి యంత్రము తేదీ అనుకొనును. బ్యాంకు ఖాతా సంఖ్యకు ముందున్న సున్నలు రాలిపోవును. 15 అంకెలు దాటిన ఖాతా సంఖ్యలో చివరి అంకెలు సున్నలగును. పట్టికలోని ఆ నిలువు వరుసను ముందే టెక్స్టుగా అమర్చి, ఆ పిమ్మట వివరములు దింపుకొన్న ఈ బాధ ఉండదు.

మీటరు గడి క్రింద “బిల్లుపై యూనిక్ సర్వీసు సంఖ్య అని ఉన్న చోటి అంకెలు వ్రాయుడు” అని ఒక పంక్తి చేర్చిన ఎంతో మేలు. పాతబస్తీలో ఉర్దూ చదువరులు ఎక్కువ. ఉర్దూ 2017లో రాష్ట్రమంతటికిని రెండవ అధికార భాషయైనది. అట్టిచోట మొదటి మెట్టులోనే భాష అడిగి, తెలుగు వారిని ఒక దారిని, ఉర్దూ వారిని మరియొక దారిని పంపవచ్చును. సరిహద్దు మండలములలో మరాఠీ, కన్నడములకును ఇట్లే.

వెనుకకు పోవుట, దాచుకొనుట

“వెనుకకు” బొత్తాము నొక్కిన నింపినదంతయు పోవునేమో యని రైతులు భయపడుదురు. మంచి ఫారములో పోదు. కాని ఒకరు ముందు “కౌలు” అని వివరములు నింపి, వెనుకకు వచ్చి “సొంత భూమి” అని మార్చినచో, ఆ కౌలు వివరములు నిలుచునా, చెరిగిపోవునా? ఇది సాఫ్టువేరును బట్టి మారును. మీరే ఒకసారి అట్లు నింపి పంపి, పట్టికలో ఏమి వచ్చినదో చూడవలెను.

గూగుల్ ఖాతాతో ప్రవేశించిన వారికి సగము నింపిన ఫారము 30 దినముల వరకు నిలిచియుండును. ఖాతా లేనివారు పాసు పుస్తకము, కరెంటు బిల్లు, బ్యాంకు పుస్తకము దగ్గర ఉంచుకొని కూర్చుండి ఒకేసారి ముగించుట మంచిది. పాసు పుస్తకపు ఛాయాచిత్రము జతపరచుమని అడిగినచో ఖాతా లేనివారు ఆ ఫారమును నింపనే లేరు. కావున చిత్రములను అవసరమైతేనే అడుగుడు. ఆధారు సంఖ్య విషయమును అంతే. అధికారము లేనిదే దానిని సేకరింపరాదు, జవాబుల పట్టికను లింకు ఉన్న ప్రతివారికి తెరువరాదు. ఫోనుకు వచ్చు ఓటీపీని, బ్యాంకు రహస్య సంఖ్యను గడిలో వ్రాయుమను ఫారమును రైతులు నింపరాదు.

పంపిన తరువాత

దరఖాస్తు విస్తరణాధికారి నుండి మండల వ్యవసాయాధికారికి పోవు పద్ధతి ఉన్నచో, తిరస్కరించుటకును సవరణకు త్రిప్పి పంపుటకును వేర్వేరు బొత్తాములు ఉండవలెను. త్రిప్పి పంపునపుడు కారణము వ్రాయుట తప్పనిసరి చేయుడు. ఇచ్చట మాత్రము తప్పనిసరి గడి రైతుకు మేలు చేయును. తప్పు ఉన్న మెట్టు ఒక్కటే తిరిగి తెరచుకొనవలెను గాని, మీటరు సంఖ్య తప్పినందుకు మొదటి నుండి అన్నియు నింపుమనరాదు. అధికారి సెలవుపై పోయిన, ఎన్ని దినములకు దరఖాస్తు మరియొకరి వద్దకు చేరునో గూడ అమర్చియుండవలెను. రైతు తన వంతుగా రశీదు సంఖ్యను ఫోనులోనే గాక ఒక కాగితముపై గూడ వ్రాసి ఉంచుకొనవలెను.

ఫారము తయారైన పిమ్మట ఐదుగురి పాత్రలు మీరే వహించి నింపి చూడుడు: పట్టాదారు, కౌలుదారు, రెండును ఉన్నవాడు, కూలి, భూమి లేని పట్టణవాసి. చిన్న తెర గల ఫోనులో, సిగ్నలు అంతంతమాత్రముగ ఉన్నచోట చూడుడు. అన్నియు కుదిరిన తరువాత ఆ ఐదు పరీక్ష వరుసలను పట్టిక నుండి తొలగించి, అప్పుడు మాత్రమే లింకును గ్రామ వాట్సాపు బృందమునకు పంపవలెను.