మన సీమ కోటలు – అవి కూలిన కారణములు

మన విడపనకల్లునకు తూర్పున గుత్తి, పడమట బళ్లారి అను రెండు గిరిదుర్గములు గలవు. కోట యనగానే మనకు ఎత్తైన గోడలు, ఫిరంగులు స్ఫురించును. కాని గోడలెంత బలమైనవైనను లోపల నీరు లేనిచో కోట నిలువజాలదు. ఏడాదికి సుమారు 55 సెంటీమీటర్ల వర్షము మాత్రమే కురియు మన సీమలో ఈ సత్యము మరింత స్పష్టముగా కానవచ్చును.

గుత్తిలో చాళుక్య ఆరవ విక్రమాదిత్యుని కాలపు శాసనములు గలవు. విజయనగర రాజులు, గోలకొండ సుల్తానులు దాని నేలిరి. తుదకు మరాఠా వీరుడు మురారిరావు ఘోర్పడే దానిని తన స్థానముగా చేసికొనెను. 1776లో హైదర్ ఆలీ ఆ కోటను ముట్టడించెను. సంధి మాటలు జరుగుచుండగా లోపలి నీరు కొద్ది దినములకే సరిపోవునన్న రహస్యము బయటపడినది. హైదర్ బేరము విడిచి వేచియుండెను. కోట లొంగినది. మురారిరావు కబ్బాళదుర్గమున బందీగా మరణించెను. అంతటి దుర్గమును జయించినది దాహమే.

రెండవ కారణము రాజకీయమైనది. గిరిదుర్గములేగాక, పాళెగాండ్రకు బురుజులతో కూడిన నివాసములుండెను. వారు కావలి కాయుదురు, పన్ను వసూలు చేయుదురు, అవసరమైన ధిక్కరింతురు. 1800లో నిజాము ఈ మండలములను ఆంగ్ల కంపెనీకి దత్తము చేసెను. అప్పుడిచట 80 మంది పాళెగాండ్రు, వారి క్రింద సుమారు 30,000 మంది ఆయుధధారులు నుండిరి. 1807 వరకు కలెక్టరుగా నుండిన థామస్ మన్రో సైన్యబలముతో వారిని అణచెను. కొందరికి భరణములిచ్చి రైతులతో నేరుగా శిస్తు నిర్ణయించెను. పన్ను, కావలి రెండును పోయిన పిమ్మట బురుజుతో పనిలేకపోయినది. మన్రో 1827లో పత్తికొండలో కలరాతో మరణించగా గుత్తి కోట దిగువనే మొదట ఖననము చేసిరి.

ఇంగ్లండులోను ఇట్లే జరిగినది. అంతర్యుద్ధమున ఓడినవారు మరల తలయెత్తకుండ పార్లమెంటు 1646లో కార్ఫ్ కోటను మందుగుండుతో పగులగొట్టించినది. ఊరివారు ఆ రాళ్లతో ఇండ్లు కట్టుకొనిరి. మన పల్లెలలో బురుజు రాళ్లు ఇంటి పునాదులలో చేరుట కొత్త సంగతి కాదు.

ఉర్దూ, తెలుగు రెండును చదువు మనకు ఇందొక విశేషము గలదు. అగడ్త, దిడ్డి, కావలి తెలుగు నుడులు, బురుజు అరబ్బీ, దర్వాజా పారశీకము, ఖిల్లాదారు ఆ రెంటి కలయిక. ఒకే గోడకు ఇన్ని భాషలు రాళ్లు మోసినవి. ఇది ఒక్క మతమువారి చరిత్ర గాని, ఒక్క కులమువారి చరిత్ర గాని కాదు.

గుత్తి కోట ప్రభుత్వ రక్షణలో నున్నది. మీ ఊరి బురుజునకు ఆ రక్షణ ఉండకపోవచ్చును. కావున సెలవులలో ఇంటికేగినపుడు దాని కొలతలు తీసి, పటము గీసి, చేరువనున్న బావి యేదో గుర్తించి, పెద్దలు చెప్పు మాటలు వ్రాసికొని రండు. కళాశాల కార్యవర్గమువారు వానిని గ్రంథాలయమున భద్రపరచినచో రాళ్లు పోయినను చరిత్ర మిగులును. ఆ పనిలో బావిని మాత్రము మరువవలదు. కోటను నిలిపినది, కూల్చినది అదియే గదా!