'సంది' అనే మాటను ఇంగ్లీషులో ఎలా చెప్పాలి?



"ఎన్నేండ్ల సంది హాస్టల్లో ఉంటున్నవ్?" అని ఊర్లో ఎవరైనా అడిగితే "నాలుగేండ్ల సంది" అని టక్కున చెబుతాం. అదే ప్రశ్న ఇంగ్లీషులో వస్తే మనలో చాలామంది "ఐ యామ్ స్టేయింగ్ హియర్ సిన్స్ ఫోర్ ఇయర్స్" అంటారు. తెలుగులో "ఉంటున్నాను" అన్న ఒక్క క్రియ ఈ రోజుకూ, గడిచిన నాలుగేళ్లకూ సరిపోతుంది. ఇంగ్లీషులో "ఐ యామ్ స్టేయింగ్" అంటే ఇప్పటి మాట మాత్రమే. వెనుకటి కాలాన్ని ఇప్పటితో కలపాలంటే "హావ్ బీన్" రావాలి. "ఐ హావ్ బీన్ స్టేయింగ్ హియర్ ఫర్ ఫోర్ ఇయర్స్" అన్నది సరైన వాక్యం.

ఇక్కడ "సిన్స్" ఎందుకు పోయింది? మన "సంది"కి, పుస్తకాల్లో రాసే "నుండి"కి ఇంగ్లీషులో రెండు మాటలున్నాయి. మొదలైన సమయం చెబితే సిన్స్: సిన్స్ మార్నింగ్, సిన్స్ జూన్, సిన్స్ సిక్స్త్ క్లాస్. ఎంతకాలం గడిచిందో లెక్క చెబితే ఫర్: ఫర్ టూ అవర్స్, ఫర్ ఫోర్ ఇయర్స్.

ఇది మార్కుల కోసమే కాదు. మన పాలమూరు నుండి వలస పోయిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇంటర్వ్యూలో మీ నాన్న గురించి అడిగారనుకోండి. "మై ఫాదర్ వర్క్‌డ్ ఇన్ ముంబై ఫర్ టెన్ ఇయర్స్" అంటే ఆ పని ముగిసిందని, తిరిగి వచ్చాడని అనుకుంటారు. "హాజ్ బీన్ వర్కింగ్" అంటే ఇప్పటికీ అక్కడే చేస్తున్నాడు. ఏళ్లు అవే పది. క్రియ మారితే నాన్న ఇంటికి వచ్చాడా లేదా అన్నదే మారిపోతుంది! గ్రామరు పుస్తకాలు దీనికి ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ కంటిన్యుయస్ అని పెద్ద పేరు పెట్టి భయపెడతాయి గానీ, విషయం ఇంతే.

మన పిల్లలమర్రినే తీసుకోండి. సుమారు 700 ఏళ్ల చెట్టని చెబుతారు. "ది ట్రీ హాజ్ స్టుడ్ దేర్ ఫర్ సెంచరీస్" అనాలి. "హాజ్" తీసేసి ఉత్త "స్టుడ్" అంటే ఆ చెట్టు ఇప్పుడు లేదనుకుంటారు. చెదలు పడితే 2018లో సెలైన్ సీసాల మాదిరిగా మందు ఎక్కించి కాపాడుకున్న చెట్టు అది. ఆ "హాజ్"ను మరవకండి.

కొన్ని క్రియలకు "ఇంగ్" చేర్చరు. "అతను నాకు ఐదేళ్లుగా తెలుసు" అనడానికి "ఐ హావ్ నోన్ హిమ్ ఫర్ ఫైవ్ ఇయర్స్" అంటారు, "నోయింగ్" అనరు.

ఇక రోజువారీ మాటల్లో "మాట్లాడుతూనే ఉన్నాడు" అనడానికి "హి కెప్ట్ ఆన్ టాకింగ్" అంటారు. పొద్దంతా అంటే "ఆల్ డే లాంగ్". చాలా దినాలకు కలిసిన స్నేహితునితో "ఐ హావంట్ సీన్ యూ ఫర్ ఏజెస్" అనవచ్చు. ఇంగ్లండు వాళ్లు ఇదే అర్థంలో సరదాగా "డాంకీస్ ఇయర్స్", అంటే గాడిద ఏళ్లు, అని కూడా అంటారు. దాన్ని స్నేహితుల దగ్గర వాడండి, పరీక్ష పేపర్లో మాత్రం రాయకండి.