వాయుతరంగాలు – పల్లె గొంతులు

గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో రేడియోను 90.4 మెగాహెర్ట్జ్ వద్దకు తిప్పితే వినిపించేది 'బోల్ హైదరాబాద్'. అది విద్యార్థుల కృషితో నడిచే సామాజిక రేడియో. ఇదే అంకెను జహీరాబాదు ప్రాంతంలోని మాచ్నూరు గ్రామంలో వెలసిన 'సంఘం రేడియో'కు కూడ కేటాయించారు. చిన్న ప్రసారిణులు గనుక ఒకదాని మాట మరొకదానికి అడ్డురాదు.

ఎఫ్.ఎం. తరంగాలు దాదాపు సరళరేఖలో పయనిస్తాయి. కొండ అడ్డువస్తే దాని వెనుకనున్న పల్లెకు అవి సరిగా అందవు. కాబట్టి పాడేరు, ఉట్నూరు వంటి మన్యప్రాంతాలలో పట్టణపు కేంద్రం కంటె అక్కడి చిన్న కేంద్రమే ఉపయోగకరం. కాని వాణిజ్య రేడియోకు ప్రకటనలే జీవనాధారం. కొనుగోలుదారులు పలుచగా ఉన్న చోటికి ప్రకటనలు రావు. 2001లో తొలి ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రం బెంగళూరులో మొదలైంది. 2006లో హైదరాబాదుకు ఆ సందడి వచ్చింది. కొండల వైపు ఎవరు చూస్తారు?

ఈ ప్రశ్నకు ఆధారం 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఉంది. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని న్యాయస్థానం ప్రకటించింది. ఆ ధర్మాసనంలో తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఒకరు. వివాదం మాత్రం క్రికెట్ పోటీల ప్రసారం గురించి! ఆట కోసం జరిగిన తగాదా పల్లె స్త్రీల గొంతుకు దారి చూపడం విచిత్రమే. ఆ దారి తెరుచుకోవడానికి పదకొండేళ్లు పట్టింది. 2002లో విద్యాసంస్థలకు, 2006లో స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వం అనుమతి ఇచ్చింది.

మాచ్నూరు స్త్రీలు అంతవరకు ఊరకుండలేదు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో కార్యక్రమాలను టేపులపై రికార్డు చేసి, సంఘం సమావేశాలలో వినిపించారు. 2008 అక్టోబరు 15న ప్రసారం ప్రారంభమైంది. రేడియో బాధ్యతను నర్సమ్మ అనే పేరుగల ఇద్దరు దళిత యువతులు వహించారు. జొన్న, సజ్జ, కొర్రల సాగు, పాత విత్తనాల భద్రత, మూలికల వైద్యం, పండుగ పాటలు అందులోని విషయాలు. పాఠ్యపుస్తకాల తెలుగు కాక, తమ ఇండ్లలో పలికే తెలుగే అక్కడి ప్రసార భాష. నా దృష్టిలో అది ఆ రేడియో సాధించిన గొప్ప విజయం.

డబ్బు సంగతి మాత్రం కఠినమైనది. 2006 నిబంధనల ప్రకారం గంటకు ఐదు నిమిషాలే ప్రకటనలు వేయవచ్చు; 2024లో ఆ పరిమితి పన్నెండు నిమిషాలకు పెరిగింది. అయితే సాగుచేసే పల్లెలో ప్రకటన ఇవ్వగలవారిలో ముందుండేది విత్తన వ్యాపారి. ఇంటి విత్తనాన్ని దాచుకొమ్మని చెప్పే రేడియో అతని సొమ్ము తీసుకుంటే తన మాటను తానే కాదన్నట్లు. తీసుకోకపోతే కరెంటు బిల్లు, చెడిపోయిన యంత్రపు మరమ్మతు, పనిచేసేవారి భృతి ఎవరు భరించాలి? ఇతర సంస్థల సహాయం శాశ్వతం కాదు. ఊరివారు తలా కొంత వేసుకొనగల శక్తి ఎంతటిదో, ఆ కేంద్రపు ఆయుష్షు చాలావరకు అంతటిదే.