మంచుదారిపై ఘర్షణ పాఠము

గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవు కారు, పొడి తారురోడ్డుపై బ్రేకు వేసిన పిదప సుమారు 14 మీటర్లలో ఆగును. గట్టిపడిన మంచుపై అదే కారు 49 మీటర్లు సాగును. ఘర్షణ గుణకము 0.7 నుండి 0.2కు తగ్గుటయే కారణము.

స్పోర్ట్సు కార్లలో పెక్కింటికి ఇంజను శక్తి వెనుక చక్రములకే అందును. టైరుకు గల పట్టు పరిమితము. ముందుకు త్రోయుటకు, మలుపులో నిలుచుటకు ఆ పట్టే పంచుకొనవలెను. మలుపులో యాక్సిలరేటరును గట్టిగా నొక్కినచో ప్రక్కపట్టు నశించి వెనుకభాగము జారును. 1963లో వెలువడిన పోర్షే 911లో ఇంజను వెనుక ఇరుసునకు ఆవల నుండుటచే, బయలుదేరునప్పుడు పట్టు అధికము. కాని మలుపులో హఠాత్తుగా కాలు తీసినచో బరువు ముందునకు మరలి, వెనుకభాగము లోలకమువలె ఊగును.

కావున వేగమును మలుపునకు ముందే తగ్గించవలెను. వెనుకభాగము కుడికి జారినచో, యాక్సిలరేటరును మెల్లగా వదలి, స్టీరింగును కుడికే త్రిప్పవలెను. 7 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన సాధారణ టైరు రబ్బరు గట్టిపడును. నాలుగు చక్రములకును శీతకాలపు టైర్లుండవలెను. జర్మనీలో మంచుదారిపై అట్టి టైర్లు 2010 నుండి చట్టరీత్యా తప్పనిసరి.

జారుడును అదుపుచేయు ఎలక్ట్రానిక్ సాధనములు 1995 నుండి కార్లలో వచ్చినవి. అవి పొరపాటును సరిదిద్దగలవే గాని లేని ఘర్షణను సృష్టింపజాలవు. ఉన్నత విద్యకై శీతల దేశములకేగు మన విద్యార్థులు తరగతిలో నేర్చిన ఈ సూత్రమును మరువరాదు. అచ్చట అది మార్కులకు గాక ప్రాణములకు సంబంధించినది.